కొక్కెం

టాంపెరెలో, రైలు కట్ట వెనకాల, మా ఈత మందిరం.
సోమ, బుధ, శుక్రవారాలు ఆడవాళ్లవి.
మంగళ, గురు, శనివారాలు మగవాళ్లవి.
ఆదివారం నీళ్లది. ఎవరూ దిగరు.

ముప్ఫై ఒక్కేళ్లుగా తాళంచెవులు ఇచ్చేదాన్ని నేను.
నంబరు బిళ్ల, రబ్బరు పట్టీ, ఒక తువ్వాలు.
నేను చేరిన రోజున గోడ మీద బోర్డు:
"ఈత దుస్తులతో దిగరాదు."
ఎందుకని అడిగితే పాత మేనేజరు చెప్పేవాడు,
ఒకప్పటి ఉన్ని దుస్తుల నూగు
వడపోత జల్లెడలో ఇరుక్కునేదట.
ఉన్ని పోయి నైలాన్ వచ్చి ఎన్నేళ్లయినా
నూగు మాత్రం ఆ బోర్డుకి అంటుకునే ఉంది.
అలవాటంటే అంతే మరి,
యజమాని చచ్చిపోయినా
రోజూ పనికొచ్చే గుమస్తా.

కొత్తవాళ్లు కళ్లెక్కడ పెట్టాలో తెలియక
పైకప్పు పెచ్చులు లెక్కపెట్టేవాళ్లు.
మూడోసారికి లెక్క మర్చిపోయేవాళ్లు.
పోస్టాఫీసు రౌహా, పళ్ల డాక్టరు సైమి
ఆవిరి గదిలోంచి ఎర్రగా బయటికొచ్చి
బంగాళాదుంపల ధర గురించి పోట్లాడుకునేవాళ్లు.
ఒంటి మీద నూలుపోగు లేనప్పుడు
ఎవరి జీతమెంతో ఎవరు చెప్పగలరు?
కాన్పుల చారలు, మోకాళ్ల మీద కుట్లు,
అన్నీ చూశాను. ఒక్కటీ గుర్తులేదు.

తెల్లెర్వో ఒక్కతే గుర్తు.
ఎడమ రొమ్ము తీసేసిన ఎనిమిదో వారానికే వచ్చింది.
"బరువు తగ్గింది, ఇక మీరెవరూ నన్ను అందుకోలేరు" అంది.
ఎవరూ నవ్వలేదు. ఆమే నవ్వింది.

తర్వాత బోర్డు మారింది:
"ఈత దుస్తులు మీ ఇష్టం."
తెల్లెర్వో అర్జీ రాసింది, నలభై రెండు సంతకాలు.
"ఇవాళ గుడ్డ, రేపు సిగ్గు, ఎల్లుండి అద్దం!" అని
నా కౌంటరు బల్ల మీద కొట్టింది.
తప్పని ఎలా అనను?
ఇప్పుడు తాళంచెవితో పాటు
ఫోను కంటికి అతికించుకోమని ఒక స్టిక్కరూ ఇస్తున్నాను.
పాతికేళ్ల ఆడవాళ్లు తువ్వాలు లోపలే
మొత్తం మార్చేసుకునే విద్య నేర్చారు.
మరో ఒళ్లు ఎన్నడూ చూడక
తమదే వింత అనుకుంటారు.

కానీ ఆ బోర్డు వల్లే హోదన్ వచ్చింది.
మెడ నుంచి చీలమండ దాకా నల్లటి తొడుగు.
పదకొండేళ్లుగా ఇదే వీధిలో ఉంటున్నా
కిటికీలోంచి వచ్చే క్లోరిన్ వాసన మాత్రమే తెలుసంది.
మొదటిరోజు నిచ్చెన పట్టుకుని గంటసేపు నిలబడింది.
ఆవలి అంచున తెల్లెర్వో, ఏమీ లేకుండా.
మధ్యలో పాతిక మీటర్లు.
ఇద్దరిలో ఎవరు మొండో నీళ్లు తేల్చలేకపోయాయి.

మొన్న ఫిబ్రవరిలో, రెండు నెలల తర్వాత,
తెల్లెర్వో మళ్లీ కనబడింది.
పేగుకి ఆపరేషన్. పొట్ట పక్కన ఒక సంచి.
చేతిలో కాగితం కవరు, అందులో
ధర చీటీ ఇంకా తీయని నీలం స్విమ్ సూట్.
డెబ్బై తొమ్మిదేళ్ల మనిషికి
ముందేదో వెనకేదో తెలియలేదు.
నేను లేచేలోపే హోదన్ వెళ్లింది.
పట్టీ తిప్పింది, భుజం మీద సర్దింది,
చీటీ దారం పంటితో కొరికింది.
"సంచికి సిగ్గెక్కువ. నాక్కాదు,"
అంది తెల్లెర్వో, ఎవరూ అడక్కపోయినా.

పాత బోర్డే ఉండుంటే
ఆమెను వెనక్కి పంపాల్సింది నేనే.
ఆ అర్జీ గెలిచి ఉన్నా అంతే.
ఈ మాట ఆమెతో అనలేదు.
ఆమెకి తెలియదా ఏం.

ఈదొచ్చాక తడి సూటు పట్టుకుని
గదంతా తిరిగింది, నీటిచుక్కల దారి చేస్తూ.
ఈ మందిరం కట్టినవాళ్లు
కోటుకి కొక్కెం పెట్టారు, టోపీకి పెట్టారు,
గొడుగుక్కూడా పెట్టారు.
తడిబట్టకి పెట్టలేదు.

సుత్తి కింది గదిలో ఉంది.
మేనేజరు సెలవులో ఉన్నాడు.
మేకు కాస్త వంకరగా దిగింది.